ఐదో గుండు

తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక లాడ్జి. ఇరవై రెండేళ్లుగా అక్కడ రాత్రి డ్యూటీ నాది. ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది: ముఖాలను నమ్మి తాళం ఇవ్వకూడదు. సాయంత్రం నిండు జుట్టుతో గది తీసుకున్న మనిషి మర్నాడు రాత్రి కొండ దిగి, గుండుకు గంధం పూసుకుని, కౌంటరు ముందు నిలబడి గది నంబరు చెబితే ఆ మనిషే ఈ మనిషని పోల్చుకోవడం కష్టం. చెవులు పెద్దవైనట్టు ఉంటాయి. నిన్న లేని పుట్టుమచ్చ ఒకటి కనిపిస్తుంది. తల్లి చంకలోనే కూర్చుని, ఆ గుండు చూసి గుక్కపట్టి ఏడుస్తూ తల్లి కోసం చుట్టూ వెతికే చంటిపిల్లలను ఎన్నోసార్లు చూశాను.

2005లో ఒక రాత్రి రెండున్నరకు అన్నదమ్ములు నలుగురు కొండ దిగి వచ్చారు. తాళం అందిస్తూ చూస్తే ఐదు గుండ్లు కనిపించాయి. నిద్రమత్తు. కళ్లు నులుముకుని చూస్తే నలుగురే. వాళ్లు మెట్లెక్కి వెళ్లిపోయారు. నేను మాత్రం పాత రిజిస్టరు వెనక పేజీల్లో తెల్లవారేదాకా రాస్తూ కూర్చున్నాను. నా కథలో వాళ్లు నిజంగానే ఐదుగురు. రిజిస్టరులో పేర్లు నాలుగే. ఐదుగురికీ ఇంటి సంగతులన్నీ తెలుసు. పోయిన అమ్మ మాట ఎత్తితే ఐదుగురి కళ్లూ చెమరుస్తాయి. తమలో అదనంగా వచ్చి కలిసినవాడు ఎవరో వాళ్లకే అంతుపట్టదు. చివరికి పెద్దవాడు, "జుట్టు మొలిచేదాకా ఆగుదాం" అంటాడు. కథ అయిపోతుంది.

ఇలాంటి కథలను ఏమని పిలవాలో తెలియక చాలా కాలం నేను ఇబ్బంది పడ్డాను. దయ్యం కథలంటే దయ్యం ఉండాలి. భయానక కథలంటే అరుపులు, నెత్తురు ఉండాలి. నాట్యశాస్త్రం రాసిన భరతుడు లెక్కపెట్టిన ఎనిమిది రసాల్లో భయానకానికి భయం, అద్భుతానికి విస్మయం స్థాయీభావాలు, అంటే ఆ రసాలకు మూలంగా నిలిచే భావాలు. ఈ రెండూ ఒకే ముద్దలో కలిసిపోయి, దేన్ని దేని నుంచి విడదీయాలో తెలియకపోతే ఎలా ఉంటుందో అదీ నా కథల రుచి. 'వింత కథ' అన్న పాత మాటే చాలనుకున్నాను. 2009లో ఒకటి, 2015లో ఒకటి, 2023లో ఒకటి, మూడు సంపుటాలు సొంత డబ్బుతో వేసుకున్నాను. ఒక్కోటి 300 ప్రతులు. నా రచనా జీవితం మొత్తం 900 పుస్తకాలు. అందులో సుమారు 200 ఇప్పటికీ మా మంచం కింద ఉన్నాయి.

ఆ మంచాన్ని చూసిన వాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. "ఇంకాస్త అందరికీ అర్థమయ్యేలా రాయవచ్చు కదా" అనేవాళ్లు ఒక రకం. "బాధపడకండి, మీ విలువ తరవాత తెలుస్తుంది" అనేవాళ్లు రెండో రకం. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ పొరపడుతున్నారని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదటి మాట సంగతి ముందు. నేను ఒకసారి అందరికీ అర్థమయ్యేలా రాసి చూశాను. ఐదో గుండు కథను ఒక వారపత్రికకు పంపితే నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. కథ నడక బాగుందట. అయితే ఆ ఐదో వ్యక్తి ఎవరో తేల్చాలట. చిన్నప్పుడే కోనేట్లో పడి చనిపోయిన ఆఖరి తమ్ముడని పెడితే వెంటనే వేసుకుంటామన్నారు. పెట్టాను. రెండు పేరాలు చాలాయి. తమ్ముడికి ఒక పేరు, ఒక ఎర్ర చొక్కా, తీరని ఒక మొక్కు. కథ అచ్చయింది, రంగుల బొమ్మతో సహా. పారితోషికం కూడా వచ్చింది. అంత డబ్బు నా రచన మీద అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ చూడలేదు. లాడ్జిలో మేనేజరు దగ్గర నుంచి గదులు ఊడ్చే అమ్మ దాకా అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మకు చదివి వినిపిస్తే, "పాపం రా ఆ చిన్నవాడు" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అక్కడ నాకు తెలిసివచ్చింది. మా అమ్మ జాలిపడింది. భయపడలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఐదోవాడికి పేరు పెట్టగానే వాడు మన బంధువైపోయాడు, వాడికి ఒక తద్దినం పెడితే సరిపోతుంది. పాత కథ చదివి వినిపించినప్పుడు మాత్రం ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి "తలుపు గడియ పెట్టావా?" అని అడిగింది.

లక్ష మంది చదివే పత్రిక సంపాదకుణ్ని ఇందులో తప్పుపట్టడానికి లేదు. ఆయనకు వచ్చే ఉత్తరాలు ఎలా ఉంటాయో ఊహించగలను. వారం వారం డబ్బు పెట్టి కొనే పాఠకుడు కథ చివర తనకు రావలసినది రాలేదనుకుంటే నిలదీస్తాడు, నిలదీసే హక్కు అతనికి ఉంది. 1980ల్లో తెలుగు వారపత్రికలను ఊపేసిన క్షుద్ర నవలలు ఆ ఒప్పందం మీదే నడిచాయి. బొమ్మ, నిమ్మకాయ, శ్మశానం ఎంత భయపెట్టినా ఈ ప్రయోగం ఎవరు చేశారు, ఎందుకు చేశారు, విరుగుడు ఏమిటి అన్నవి చివరికి తేలేవి. నేనూ అవి మా వీధిలో అద్దెకు తెచ్చుకుని చదివి, రాత్రుళ్లు పెరట్లోకి వెళ్లడానికి తోడు అడిగినవాణ్నే. ఆ నవలలను ఇప్పుడు వెక్కిరిస్తే నా పదిహేనో ఏటికి ద్రోహం చేసినట్టు అవుతుంది. కానీ వాటి పని వేరు. అవి భయాన్ని ఒక సమస్యగా మార్చి పరిష్కరించేవి. వింత కథకు ఆ పని చేతకాదు. అది పుండును అలాగే వదిలేసి పోతుంది. ఆ మాత్రానికి ఒప్పుకునే పాఠకులు ఏ భాషలోనైనా కొద్దిమందే ఉంటారు. అంతమందికి సరిపడా పుస్తకాలు వేసుకోవడం ఓటమి ఎలా అవుతుంది?

ఇక రెండో మాట, తరవాత తెలిసే విలువ. దీన్ని నాకు చెప్పేవాళ్లలో చదువుకున్నవాళ్లు అమెరికా వింత కథల రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్‌ను ఉదాహరణగా తెస్తారు. ఎవరికీ తెలియకుండా పోయినవాడు ఇవాళ ప్రపంచమంతా తెలిసిపోయాడు కదా, చూడండి అంటారు. సరే, ఆ లెక్క పూర్తిగా చూద్దాం. అమెరికాలో 1923లో మొదలైన 'వియర్డ్ టేల్స్' అనే చవకరకం పత్రికలో ఆయన కథలు పడేవి, తిరిగొచ్చేవి కూడా. తిండికి ఇతరుల రాతలు దిద్దిపెట్టేవాడు. ఆయన బతికుండగా పుస్తకమని చెప్పదగినది ఒక్కటే వచ్చింది, 1936లో. విలియం క్రాఫర్డ్ అనే ఒక ఔత్సాహికుడు చిన్న ప్రెస్సులో వేశాడు. సుమారు 400 ప్రతులు అచ్చయితే బైండింగు అయినవి సగమే. నిండా అచ్చుతప్పులు. తప్పొప్పుల పట్టిక జతచేయాల్సి వచ్చింది. మరుసటి ఏడు మార్చిలో, 46 ఏళ్ల వయసులో, పేగు క్యాన్సర్‌తో ఆయన పోయాడు.

తరవాత ఆయన విలువ దానంతట అది తెలియలేదు. ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రై అని ఇద్దరు స్నేహితులు ఆయన కథలన్నీ పోగుచేసి పెద్ద ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లారు. వాళ్లు వద్దన్నారు. అప్పుడు ఈ ఇద్దరూ 1939లో 'ఆర్కమ్ హౌస్' అని సొంతంగా పెట్టుకుని మొదటి పుస్తకం వేశారు. ఇల్లు కట్టుకోవడానికి డెర్లెత్ తెచ్చుకున్న అప్పులో కొంత అందులోకి వెళ్లింది. 1268 ప్రతులు, వెల 5 డాలర్లు. అవి అమ్ముడుపోవడానికి నాలుగేళ్లు పట్టింది. దీన్ని కాలం ఇచ్చిన తీర్పు అంటారా, ఇద్దరు మొండివాళ్ల చాకిరీ అంటారా? ఆ ఇద్దరూ లేకపోతే ఆ కథలు పాత పత్రికలతో పాటు పొట్లాలు కట్టుకోవడానికి పోయేవి. అలా పోయిన వాళ్ల పేర్లు మనకు తెలియవు కాబట్టి ఉదాహరణకు పనికిరారు, అంతే తేడా.

ఆయన గురించి ఇంకో ముక్క కూడా చెప్పాలి, ఊరికే పొగిడి వదిలేయడం నాకు నచ్చదు. లవ్‌క్రాఫ్ట్‌కు తెల్లవాళ్లు కాని మనుషులంటే భయం, అసహ్యం. నాలాంటి వాణ్ని తన వీధి అరుగు మీద కూర్చోనిచ్చేవాడు కాదు. వరల్డ్ ఫాంటసీ అవార్డుకు ఆయన తల బొమ్మను జ్ఞాపికగా ఇచ్చే అలవాటును 2015లో మానేశారు, మానేయడం మంచిదే. ఆయన కథల్లో భయం ఎక్కువగా ఎక్కడి నుంచి పుట్టిందో తెలిశాక నేను వాటిని వదిలిపెట్టలేదు గానీ, చదివే తీరు మారింది. తలుపు అవతల ఉన్నవాడు ఎవరో అన్న భయం ఆయనది. నేను రాత్రంతా తలుపు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు గది చూపించేవాణ్ని. మా ఇద్దరి కథలూ ఒకేలా ఉండవు.

నాకు ఆదర్శమని చెప్పుకోదగినవాడు క్లార్క్ ఆష్టన్ స్మిత్. కాలిఫోర్నియాలో ఆబర్న్ అనే చిన్న ఊళ్లో ఉండేవాడు. పత్రికలు తిప్పిపంపిన కథలు ఆరింటిని 1933లో తమ ఊరి వార్తాపత్రిక ప్రెస్సులోనే 1000 ప్రతులు వేయించుకుని ఒక్కోటి 25 సెంట్లకు అమ్ముకున్నాడు. అచ్చుతప్పులను చాలా ప్రతుల్లో తన చేత్తోనే దిద్దాడు. ఈ సంగతి చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకో చెబుతాను.

నా మొదటి పుస్తకం తిరుపతిలోనే ఒక డీటీపీ సెంటర్లో కూర్పు చేయించాను. ఎనిమిది ఫారాలు, అంటే 128 పేజీలు, డెమ్మీ సైజు. నేను ఒక ఫాంటులో రాసుకెళ్తే వాళ్లది ఇంకో ఫాంటు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోవడం, గుడులు వచ్చి అతుక్కోవడం మామూలే. మూడుసార్లు ప్రూఫులు చూశాను. నాలుగోసారి చూడకుండా వదిలేసిన ఫారంలో, అన్నిటికన్నా భయంకరమైన చోట, "శవం కళ్లు తెరిచింది" అని ఉండవలసిన వాక్యం "శివం కళ్లు తెరిచింది" అని అచ్చయింది. నా కథల్లో అది ఒక్కటే శుభంగా ముగిసింది. నేను లబోదిబోమంటే డీటీపీ కుర్రాడు తాపీగా, "పోనీలే అన్నా, తిరుపతిలో వైష్ణవులు ఎక్కువైపోయారు, శివుణ్ని కూడా కాస్త కళ్లు తెరవనీ" అన్నాడు. 300 ప్రతులూ ముందేసుకుని, బ్లేడుతో ఆ గుడిని గీకి, నల్ల సిరాతో తలకట్టు సరిచేశాను. పదకొండు రాత్రులు పట్టింది. ఇప్పుడు మీ దగ్గర ఆ పుస్తకం ఉంటే 74వ పేజీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, గీకిన చోట కాగితం పల్చగా ఉంటుంది.

అచ్చు ఖర్చు అందరూ ఊహించేదే. అసలు దెబ్బ ఆ తరవాత తగులుతుంది. దుకాణం వాళ్లకు పెట్టమని ఇస్తే నూటికి నలభై వాళ్లది, మిగతాది ఎప్పుడిస్తారో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. అందుకని నేను పోస్టును నమ్ముకున్నాను. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. నా బోటివాళ్లకు ఒక్కో పుస్తకం మీద మిగిలే ఆ నాలుగు రూపాయలూ ఆ కవరు మీదే ఖర్చవుతున్నాయి. పెద్ద ప్రచురణ సంస్థలకు ఇది లెక్కలోకి రాదు. నాకు ఇది నెల ఇంటి ఖర్చులో కనబడుతుంది. "ఏమండీ, ఈ పుస్తకాలు పంచిపెట్టే బదులు లడ్డూలు పంచితే పుణ్యమైనా వచ్చేది" అని మా ఆవిడ ఒకసారి అన్నది. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు.

అందుకే ఉద్యోగం వదిలి రాసుకోమని ఎవరైనా సలహా ఇస్తే నేను వినను, ఇంకొకరికి చెప్పను. డెట్రాయిట్ నగరంలో థామస్ లిగోట్టీ అనే ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఒక రిఫరెన్సు గ్రంథాల సంస్థలో సంపాదక వర్గంలో పనిచేస్తూనే కథలు రాశాడు. 1980ల మధ్యలో వచ్చిన ఆయన మొదటి సంపుటం 300 ప్రతులు. నా అంకే! 2015లో పెంగ్విన్ వాళ్లు తమ క్లాసిక్స్ వరసలో ఆయన కథలు వేశారు, ఆయన బతికుండగానే. అది చూసి నాకూ అలా జరుగుతుందని నేను ఆశపడటం లేదు. ఆయన ఆఫీసు కథలు చదివితే తెలుస్తుంది, ఆ ఉద్యోగం లేకపోతే ఆ భయం లేదు. నాకూ ఈ కౌంటరు లేకపోతే ఐదో గుండు లేదు.

మా జిల్లా సాహిత్య సభల్లో నన్ను చూసి కొందరు నవ్వుతారు. చిత్తూరు కథ అంటే కరువు, చెరువు, బడిపంతులు, మామిడితోట అని వాళ్ల లెక్క. దామలచెరువు మధురాంతకం రాజారాం గారు వేసిన దారి అది, గొప్ప దారే. కానీ ఈ నేల మీద వింత పుట్టదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఏటా మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాణ్ని వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషంలో ఊళ్లో తిరిగిందని కథ. బైరాగి, బండ, తోటి, దొర. అవే వేషాలు ఊరి మగవాళ్లు వేసుకుని, దారిన పోయేవాళ్లను బూతులు తిడుతూ తిరుగుతారు. తిట్టించుకున్నవాళ్లు సంతోషిస్తారు. దొర వేషంలో అమ్మవారు పాలెగాడి తల నరుకుతుంది. ఆ వెంటనే మాతంగి వేషంలో వెళ్లి, వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. చంపిన చెయ్యే కన్నీళ్లు తుడిచిన ఈ ఘట్టాన్ని మించిన వింత కథ నేను రాయలేదు, రాయలేను. చివరి తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప పెళ్లగిస్తే, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. మా ఇంట్లో కూడా ఒక పొట్లం ఉంది. దేవత ముఖంలో ఒక ముక్క బీరువాలో, ఇన్సూరెన్సు కాగితాల పక్కన. ఇది మామూలు విషయమని అనుకునే ఊళ్లో ఉంటూ వింత మన సంప్రదాయం కాదంటే ఎలా?

నన్ను నిజంగా ఇరుకున పెట్టిన ప్రశ్న ఇంకొకటి ఉంది. హేతువాది అయిన ఒక మిత్రుడు అడిగాడు. చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపే వార్తలు ఇంకా వస్తూంటే, నువ్వు ఇలాంటివి రాసి ఎవరికి మేలు చేస్తున్నావని. 2021 జనవరిలో మదనపల్లెలో మూఢనమ్మకం పేరుతో జరిగిన ఘోరం తరవాత ఆ ప్రశ్న నన్ను ఏడాది పాటు రాయనివ్వలేదు. దాని వివరాలు ఇక్కడ రాయను. కథకు సరుకుగా దాన్ని తాకను కూడా.

ఏడాది తరవాత నాకు తోచిన సమాధానం ఇది. మిత్రుడు ఒప్పుకోలేదు, ఇంకా వాదన నడుస్తూనే ఉంది. మనుషులను చంపించేది తెలియనితనం కాదని నా అనుమానం. తెలిసిపోయిందన్న ధీమా చంపిస్తుంది. ఫలానా ముసలమ్మే చేసింది, ఫలానా పూజతో పోతుంది, ఫలానా రోజున తిరిగి లేస్తారు. ప్రతి ఘోరంలోనూ ఎవరో ఒకరు ఒక వివరణ చేతిలో పట్టుకుని ఉంటారు. ఐదోవాడు ఎవరో వాళ్లకు తెలుసు. నా కథలో పెద్దన్న మాత్రం ఎవరి మీదా చెయ్యి చేసుకోడు. జుట్టు మొలిచేదాకా ఆగుదామంటాడు. నా కథ ఎవరి ప్రాణమూ కాపాడదు, అంత గొప్ప మాట నేను చెప్పను. కానీ తాయెత్తు అమ్మే కథకూ నా కథకూ తేడా చూడకుండా రెండింటినీ ఒకే గాటన కట్టేయడం అన్యాయం.

పోయిన ఏడాది పలమనేరు వైపు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. బడిలో లెక్కలు చెప్పే ఆవిడట. నాలుగు పేజీలు, రెండు వైపులా. నా మొదటి పుస్తకం ఆవిడకు బస్టాండు దగ్గర పాత పుస్తకాల్లో దొరికింది. ఐదోవాడు ఎవరో కనిపెట్టానని రాసింది. నాకు నవ్వు వచ్చింది. కనిపెట్టడానికి నేనేమీ దాచలేదు కదా! తరవాతి పేజీలో ఆవిడ ఒక వాక్యం ఎత్తి రాసింది. అన్నదమ్ములు మెట్లెక్కి వెళ్లాక కౌంటరులో గుమాస్తా "అరచేత్తో తల నిమురుకున్నాడు, చల్లగా తగిలింది" అని ఉంది. గుమాస్తాకు జుట్టు ఉంటే చల్లగా ఎలా తగులుతుందండీ అని అడిగింది. లెక్కలో వాణ్ని కలపకుండా మీరే తప్పించారు అంది.

మంచం కింద నుంచి ఒక ప్రతి లాగి చూశాను. ఆ వాక్యం ఉంది. ఎందుకు రాశానో నాకు గుర్తులేదు. వారపత్రిక అచ్చు తీసి చూస్తే అందులో లేదు, తమ్ముడికి చోటు చేయడానికి కోసేసినట్టున్నారు. ఆవిడకు జవాబు రాశాను గానీ, అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. ఆ రాత్రి డ్యూటీలో మాత్రం గోడ మీది అద్దం వైపు రెండుసార్లు చూసుకున్నాను.

నాలుగో సంపుటం ఇప్పుడు ప్రూఫుల్లో ఉంది. ఈసారి 200 ప్రతులు చాలనుకున్నాం. కూర్పు ఆ పాత డీటీపీ కుర్రాడిదే, వాడికి కూడా జుట్టు నెరిసింది. శవం అన్న మాట ఎన్నిచోట్ల వచ్చిందో లెక్కపెట్టి, ప్రతిదాని పక్కన ఎర్ర సిరాతో చుక్క పెట్టి పంపాను. మొత్తం ముప్పై ఒకటి.